బుద్రి ఒప్పుకోలు

బుద్రి తల్లి, ఇద్దరు చెల్లెళ్లు, కూతురు అందరూ రొమ్ములో గడ్డ లేచి, అది పుండై చనిపోయారు. ముసలి బుద్రి, ఆ కూతురి బిడ్డ మాత్రం మిగిలారు. చిల్లంగి అనే చేతబడి పెట్టి చంపింది బుద్రేనని ఊరు తేల్చింది. ఆమెను వెళ్లగొట్టడానికి పెద్దలు వాకిట్లో కూర్చున్నారు.

అరకు కొండమీదికి గుర్రంపై వచ్చిన మిషన్ డాక్టరమ్మ ఆ నాలుగు చావులూ పుస్తకంలో రాసుకుని, బుద్రిని పెరట్లోకి పిలిచింది.

"ఇది చిల్లంగి కాదు బుద్రీ. మీ ఇంటి రక్తంలోనే తల్లి నుంచి బిడ్డకి దిగుతోంది. పెద్దలకి నేను చెబుతాను, నిన్నెవరూ తరమరు."

"రగతంలోదైతే మందుందా అమ్మా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

లోపల మనవరాలు తిరగలిలో చోళ్లు విసురుతోంది. రేపు దాన్ని పెళ్లికి చూసుకోవడానికి పొరుగూరివాళ్లు వస్తున్నారు.

"అయితే నువ్వేటీ సెప్పకమ్మా. సిల్లంగైతే నాతో పోతాది. రగతమంటే లోపలున్న ఆడగుంటలోనే ఉండిపోతాది."

బుద్రి మూట సర్దుకుని పెద్దల ముందుకు నడిచింది.

"నానే సేసినాను," అంది.