గొలుసు ప్రార్థనలో గంజి

“గంజి!” అని గుమ్మంలోంచి కేక.

కుమారస్వామికి అది “గంట!” అని వినబడింది.

తప్పు చెవులది కాదు. తాండూరు చర్చిలో పొద్దున ఆరు నుంచి గొలుసు ప్రార్థన. ఒకరి గంట అయిపోగానే ఇంకొకరి గంట. గొలుసు తెగకూడదు. గంట మారేదాకా ఎవరూ కళ్లు తెరవకూడదు. సంఘమంతా నాపరాళ్ల మీద మోకాళ్లూనింది. సంఘపెద్ద కుమారస్వామి గంట ఇంకా సగం కూడా కాలేదు.

“అప్పుడే గంటయిందా?” అన్నాడు కళ్లు మూసుకునే.

“గంట కాదు, గంజి! పొద్దటి సంది కడుపుల ఏం లేదు. జర ఎవరన్న లేచి ఇంత గంజి కాసియ్యిండ్రి!” బొంగురు గొంతు. ఆడమనిషి. మాట మాటకీ ఆయాసం.

వికారాబాద్ రైలు దిగిన బిచ్చగత్తె అనుకున్నాడు. బదులిస్తే గొలుసు తెగుతుంది. అందుకని బదులు కూడా ప్రార్థనలోనే కలిపేశాడు. “ప్రభువా, గడప దగ్గర గోల చేయుచున్న ఈ సోదరిని కూడిక అయ్యేదాకా బయట కూర్చుండబెట్టుము!”

“ఆమెన్!” అన్నారు అందరూ.

“ప్రభువా,” అంది ఆ గొంతు, ఇంకా గట్టిగా, “గీ పెద్దమనిషికి నోరు తెరిచినవ్, జర చెవులు గూడ తెరువు! గల్లీల ఏ తలుపు కొట్టినా మనిషి లేడు. అందరు గీడ్నే మోకాళ్ల మీద ఉన్నరు!”

ఈసారి ఎవరూ ఆమెన్ అనలేదు. కుమారస్వామి భార్య జ్యోతి లేవబోయింది. “కదలకు, తర్వాతి గంట నీదే” అంటూ అత్త భీమమ్మ తడిమి కొంగు పట్టుకుంది.

కాళ్లీడ్చే చప్పుడు లోపలికొచ్చింది. డబ్బా మూత లేచింది. ఇంటింటా వంటకు ముందు తీసిపెట్టి, దేవుడికని తెచ్చే పిడికెడు బియ్యం డబ్బా అది.

“ప్రభువా, అవి నీ బియ్యము!” కుమారస్వామి మళ్లీ ప్రార్థన అందుకున్నాడు. “ముట్టనియ్యకుము!”

“ప్రభువా, నీకు ఆకలైతలేదు. నాకైతుంది. తీస్కుంటున్న!”

వెనక గదిలో గ్యాస్ పొయ్యి భగ్గుమంది. కుమారస్వామి గొంతు పెంచాడు. ఆమె గంటె చప్పుడు పెంచింది. గంటకీ గంటెకీ పోటీ. చివరికి వాసన గెలిచింది. ప్రార్థనలో ముక్కు మూసుకోవాలన్న నియమం లేదు మరి.

గంట ముగిసింది. “ఆమెన్” అని కళ్లు తెరిస్తే, పాస్టరు కుర్చీలో ఆమె! గిన్నె ఎత్తి జుర్రుతోంది.

“ఏం జూస్తున్నరు? ఉప్పు తక్కువైంది. ఎవరన్న తెండ్రి!”



పది రోజుల జ్వరంతో మంచం పట్టిన ఇంద్రమ్మను లేపి నడిపించమనే పొద్దున ఆరు నుంచి వాళ్లంతా వేడుకుంటున్నది. ఆ ఇంద్రమ్మే లేచి, నడిచి వచ్చి, ఉప్పు అడుగుతోంది.