రెతామా పిల్లలు

ఫొటో పెట్టీ పెట్టగానే ఆన్‌లైన్‌లోని వన్యప్రాణి ప్రేమికుల బృందమంతా ఊగిపోయింది.

చెవుల మీద నల్ల కుచ్చులతో, చిరుతపులికి చెల్లెల్లా ఉండే అరుదైన అడవిపిల్లి, ఆడ లింక్స్. పసుపు పూల పొద పక్కన కళ్లు మూసుకుని పడుకుని ఉంది. మీసాలు లెక్కపెట్టుకోవచ్చు, అంత దగ్గరగా తీశాడు గాస్పర్ అనే కొత్త సభ్యుడు. కింద ఒకే వాక్యం రాశాడు: “దీని సంగతులేమైనా తెలిస్తే చెప్పండి.”

“ఏం బాబూ, జోల పాడి పడుకోబెట్టావా? మేం ఏళ్ల తరబడి దోమలకి రక్తం పోస్తున్నా తోక కూడా కనబడదు!” అన్నాడు ఫెర్మిన్. బృందంలో అందరికంటే నోరున్నవాడు.

ఎన్‌కర్నా మాత్రం తొడ మీది మచ్చలు చూసింది. ఏ రెండు లింక్స్‌ల మచ్చలూ ఒకలా ఉండవు. ఊళ్లో మందుల షాపు నడుపుతూ, ఆన్‌లైన్‌లో ఈ బృందాన్నీ ఆమే నడుపుతోంది. తప్పుడు సమాచారం ఒక్క ముక్క కనబడినా ఊరుకోదు.

“ఇది మా రెతామా. ఈ మధ్యే ఈనింది. పాలిచ్చే తల్లి, అలిసిపోయి పడుకుంది పాపం. ఎవరూ ఆ దరిదాపులకి వెళ్లకండి,” అని రాసింది.

పొగడ్తలు వెల్లువెత్తాయి. గాస్పర్ ఒక్కదానికీ జవాబివ్వలేదు.

“పిల్లలు ఎక్కడున్నాయి?” అని అడిగాడు.

“ఆ చోటు ఎవరికీ చెప్పం.”

“తల్లి లేకుండా ఎంతసేపు బతుకుతాయి?”

“ఇంకా పసికూనలు. ఒకటి రెండు రోజులు, అంతే. ఎందుకు?”

“చోటు చెప్పండమ్మా, మీకు పుణ్యముంటుంది.”

“అక్కా, దొంగ దొరికాడు!” ఫెర్మిన్ ఎగిరాడు. “పిల్లల్ని అమ్ముకునే రకం వీడు. ఒరేయ్, లింక్స్ జోలికెళ్తే జైలే, గుర్తుంచుకో!”

తలో మాటా అన్నారు. ఎన్‌కర్నా అతన్ని బృందంలోంచి తీసేసింది.

ఆ సాయంత్రం అతను షాపుకే వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఆలివ్ నూనె మిల్లులో లారీ డ్రైవరు. టోపీ చేతుల్లో నలిపేస్తున్నాడు.

“నాకు చెప్పకండమ్మా. మీరే ఒక్కసారి వెళ్లి చూసి రండి.”

“ఎంత తెలివి! నేను దారి చూపిస్తే నువ్వు వెనకాలే వస్తావు. బయటికి నడు. పోలీసుల్ని పిలుస్తాను.”

పోలీసులనగానే అతని మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయాడు. మళ్లీ టోపీ నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయాడు.

వెంటపడతాడేమోనని ఆమె కొన్నాళ్లు పిల్లలున్న కొండవైపే వెళ్లలేదు. చివరికి మనసు ఆగక ఎక్కింది. దూరం నుంచి బైనాక్యులర్స్‌లో ఏ కదలికా లేదు. దగ్గరికెళ్లింది.

ఓక్ చెట్టు తొర్రలో మూడు పిల్లలు. ఒకదాన్నొకటి కరుచుకుని, చల్లబడిపోయి. అన్నిటికంటే చిన్నది, పాల కోసం వెతుక్కుంటూనే పోయిందేమో, పక్కదాని పొట్టలో మూతి పెట్టి ఉంది.

ఎన్‌కర్నా అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ ఏడుపులోనే గాస్పర్‌కి సందేశం పంపింది: “వెతుక్కుంటూ వచ్చావు కదూ? నీ అలికిడికే తల్లి బెదిరి పారిపోయింది. నువ్వు మనిషివేనా?”

జవాబు వచ్చింది.

“జైలుకి భయపడి అప్పుడు చెప్పలేకపోయానమ్మా, నేనా ఫొటో తీసేసరికే రెతామా నా లారీ తగిలి చచ్చిపోయి ఉంది.”