కంటికి ఆనని పొడి

కొండ కింద మడుగుకు ఒకనాడు నక్క ఒక పొడి సంచీ మోసుకొచ్చింది. "దుమ్ములో వెయ్యోవంతు కూడా ఉండదు దీని రేణువు. నాచునంతా తినేస్తుంది, నీళ్లు అద్దంలా అవుతాయి," అంది.

"నాచు అయిపోయాక ఏం తింటుంది? మళ్లీ దాన్ని బయటికి ఎలా తీస్తావు?" అని అడిగింది పిల్లల తల్లి కొర్రమీను.

చిన్న చేపలన్నీ నవ్వాయి. మొప్పల్లో చిక్కితేనే చెత్త, చిక్కనిదంతా మంచినీళ్లే అన్నది ఆ మడుగులో తాతలనాటి నమ్మకం. పొడి చల్లించుకున్నాయి. ఎవరి మొప్పల్లోనూ ఏదీ చిక్కలేదు.

వారం తిరిగేసరికి నీళ్లు అద్దమయ్యాయి. ఆ అద్దంలో కొర్రమీను పిల్లలు ఒక్కొక్కటే వెల్లకిలా తేలాయి. మొప్పల్లో చిక్కనిది నెత్తుట్లోకి దిగింది.

మెప్పు కోసం మిట్టమధ్యాహ్నం ఎండలో పరిగెత్తుకొచ్చిన నక్కను చూడగానే కొర్రమీను ఒడ్డు దగ్గరికి దూసుకొచ్చింది. దాన్ని నిలదీసింది.

"నా పొడి వల్లే పోయాయని రుజువేంటి? నీళ్లలో ఒక్క రేణువు చూపించు, ఒప్పుకుంటాను," అంది నక్క.

"కంటికి కనబడదని చెప్పి చల్లింది నువ్వు. ఇప్పుడు చూపించమని నన్నడుగుతున్నావా, సిగ్గులేనిదానా? సరే, ఇంత తేటనీళ్లు గదా, ఒక్క గుక్క తాగు."

బారెడు నాలుక వేలాడేసి రొప్పుతూనే, "నాకు దాహంగా లేదు," అంది నక్క.