చెయ్యి అందినంత

"ఆ గీత చెరిపితే మంచిగుండదు, చెప్తున్న!"

పుష్పమ్మ అరుపుకు కోడలు శైలజ ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపింది. పెరట్లో కట్టెల పొయ్యి చుట్టూ ముగ్గుపిండితో నాలుగు గీతలు. వాటి మీద గోడలు లేపి, పైన రేకులేసి బయట వంటిల్లు కడదామని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. ఎంత కట్టాలన్న దగ్గరే పేచీ వచ్చిపడింది.

"గింత పెద్దగెందుకత్తా? ఇందుల మంచమేసుకొని పండుకోవచ్చు. జర చిన్నగ చాలు."

"చాలదు. ఇంతే ఉండాలె."

"అమ్మ చెప్పినంక మల్ల మాటేంది?" అన్నాడు బాలకృష్ణ, గడప మీద కూర్చుని వేపపుల్ల నములుతూ. పొద్దెక్కేదాకా పడుకుని అప్పుడే లేచాడు. "నలుగురు వచ్చిపోయే ఇల్లు. పెద్దగనే కట్టనియ్యి."

ఆ వచ్చిపోయే నలుగురిని తెచ్చేది ఆయనే. పెబ్బేరులో పశువుల సంత జరిగిన ప్రతిసారీ బేరగాళ్లను వెంటేసుకుని ఇంటికొస్తాడు. వాళ్లకు జొన్నరొట్టెలు కొట్టి కొట్టి శైలజ చేతులు పడిపోతాయి. పుష్పమ్మకేమో మోకాళ్లు అరిగి, చేతికర్ర లేనిదే అడుగు పడదు. పొయ్యి ముందు కూర్చుంటే మళ్లీ లేవలేదు.

శైలజకు వనపర్తి దవాఖానలో నర్సు పని దొరికింది. సోమవారం చేరాలి. చీకట్లోనే బస్సెక్కాలి. పోతానని ఎన్నిసార్లు అడిగినా మొగుడిది ఒకటే పాట, "మరి ఇంట్ల వంటెవరు చేస్తరు?" అత్తయితే ఔననలేదు, కాదనలేదు. అన్ని రోజులు నోరు మెదపని మనిషి, ఇవాళ తెల్లారకముందే లేచి, ఒక దారం పట్టుకుని కొలుచుకుంటూ గీతలు గీసి పెట్టింది. ఆ నాలుగు గీతలు చూస్తుంటే శైలజకు గొర్రెల దొడ్డి గుర్తొచ్చింది. ఒకసారి లోపలికి తోలి తడిక వేస్తే అంతే.

మేస్త్రీ మద్దిలేటి గంపలోంచి తాపీ తీశాడు. వంటిల్లు కట్టేముందు ఆయనకో పద్ధతుంది. ఊరందరికీ తెలిసిందే. "వండేటోళ్లు వచ్చి పీట మీద కూసోండి. లేవకుండ చెయ్యి చాపితే ఏడిదాక అందుతదో గాడికే గోడ. ఉప్పుకారం గూళ్లు గోడలోనే పెడత. అందకుంటే రోజూ నన్నే తిడతరు."

"కూసోరాదు! చూస్తున్నవేంది?" అన్నాడు బాలకృష్ణ.

శైలజ పళ్లు బిగబట్టి పీట మీద కూర్చుంది. చెయ్యి చాపింది. ఎంత సాగదీసినా వేళ్లకూ గీతకూ మధ్య జానెడు నేల మిగిలిపోయింది. అటువైపూ అంతే.

"చూసినవా మద్దిలేటన్నా? అందుతలేదు. గీతలు లోపలికి జరుపు."

మద్దిలేటి చీపురు అందుకున్నాడు. పుష్పమ్మ కర్ర టక్కున వచ్చి చీపురుకు అడ్డం పడింది.

"జరపకు."

"నా చెయ్యి అందుతలేదత్తా!"

"నీకు అందకుంటే ఏమాయె?"

మద్దిలేటి తలొంచుకుని తాపీ తుడుచుకోవడం మొదలుపెట్టాడు. శైలజ కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. ఈ ఇంటికొచ్చిన నాటినుంచి అత్తకు ఎదురుచెప్పి ఎరగదు. ఇవాళ ఆ మాట గుండెలో గుచ్చుకుంది. పీటను కాలితో వెనక్కి నెట్టి లేచి నిలబడింది.

"నాకు అందినా, అందకున్నా, నా చెయ్యి కాలినా మీకేం పట్టదు. ఊరంత కట్టుకోండి. సోమవారం నేను డ్యూటీకి పోతున్న. ఈ పొయ్యి ముందు కూసునేది లేదు."

బాలకృష్ణ వేపపుల్ల ఉమ్మేసి గడప మీద నుంచి దూకాడు. మొహం ఎర్రబడింది. "ఏందీ? నన్ను అడగకుండనే పోతవా?"

"అడిగీ అడిగీ నోరు నొచ్చింది."

"అమ్మా, విన్నవా నీ కోడలి మాట?" పెరడు దద్దరిల్లేలా అరిచాడు. "నువ్వే చెప్పు. నా తోటి వచ్చినోళ్లు ఆకలితోనే పోవాల్నా? ఈ పొయ్యి ముందు ఎవరు కూసోవాలె? నువ్వు ఏది చెప్తే గదే ఖాయం. ఇద్దరం వింటం."

శైలజ అత్త మొహంలోకి చూసింది. ఇప్పుడు ఆమె కాదంటే ఇక ఈ ఇంట్లో మాట్లాడేందుకేమీ లేదు.

పుష్పమ్మ తొందరపడలేదు. పక్కకు పడ్డ పీటను కర్రతో పొయ్యి ముందుకు జరిపింది. కొంగు ముడి విప్పి దారం తీసి మద్దిలేటి చేతికిచ్చింది.

"పట్టి చూడు. నా గీతలు తప్పాయెనా?"

మద్దిలేటి పీట దగ్గర్నుంచి గీతదాకా దారం పరిచాడు. అటూ ఇటూ వెంట్రుకవాసి తేడా లేదు. "సరిగ్గుందక్కా. కానీ ఇది మీ కోడలి చెయ్యి కాదు. ఎవరి కొలత?"

పుష్పమ్మ కొడుకు భుజం మీద చెయ్యేసి పీట మీదికి నొక్కింది.

"కూసో కొడుకా, పొద్దుగాల నువ్వు గుర్రుకొడుతుంటె నీ చెయ్యే కొలిచిన."