మళ్ళీ ఓడెక్కితే ఒట్టు

“ఈసారి ఓడ ఎక్కడ ఆగితే అక్కడ దిగిపోతాను. మళ్ళీ ఎక్కితే ఒట్టు!”

దక్షిణాన ఎక్కడో దూరపు రేవులో ఓడెక్కిన రోజే అర్విద్ ఈ మాట అన్నాడు. అని రెండు రోజులైంది. ఓడలో కాఫీ కషాయంలా ఉందట. పరుపు మరీ మెత్తనట. డెబ్భై రెండేళ్ళ వయసులో ఈ ఊరేగింపు అవసరమా అని ఒకటే సణుగుడు.

అతని భార్య బోదిల్‌కి మాత్రం కాళ్ళు నేల మీద ఆనడం లేదు. ఉత్తరపు కొసకి వెళ్ళి అస్తమించని సూర్యుణ్ణి చూడాలని ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ కల. ఇంకా ఐదు రోజుల ప్రయాణం ఉంది. మొగుడు మధ్యలో దిగిపోతే ఆ కల గంగలో కలిసినట్టే.

ఆ పొద్దున ఓడ నార్వేలోని బెర్గెన్ రేవులో ఆగింది. వాన మామూలే. ఓడవాళ్ళు అందరికీ పసుపుపచ్చ వానకోట్లు పంచారు. అర్విద్ భుజాన సంచీ తగిలించుకుని తయారయ్యాడు.

“అన్నంత పనీ చేస్తావా?” అంది బోదిల్.

“చేస్తాను.”

“సరే మహానుభావా! నాలుగింటికి ఓడ కదులుతుంది. అందాకా నేను చెప్పినట్టు విను. ఆ తర్వాత నీ ఇష్టం.”

ముందు రేవు పక్క చెక్క ఇళ్ళ దగ్గరికి లాక్కెళ్ళింది. గైడు కుర్రాడు అవి ఎనిమిది వందల ఏళ్ళ నాటివని ఊదరగొడుతున్నాడు.

“కోతలు! తగలబడ్డాక మళ్ళీ కట్టినవి,” అని గొణిగాడు అర్విద్.

“ష్! నోరు మూసుకుని ఫోటోకి నవ్వు.”

బేకరీలో దాల్చినచెక్క బన్నులు కొన్నారు. అమ్మే పిల్ల ఇంగ్లీషులో ధర చెప్పింది. అర్విద్ కూడా ఇంగ్లీషులోనే “థాంక్యూ” అన్నాడు. బయటికొచ్చాక ఎందుకో ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. దారిలో ఒక కుక్క తోకాడిస్తూ అర్విద్ మీదికి ఎగబడి చెయ్యంతా నాకింది. వెనకే వస్తున్న దాని యజమాని చూసేలోపు బోదిల్ అతని టోపీని ముక్కు దాకా లాగి, పక్క సందులోకి తోసేసింది.

కొండ రైలెక్కి పైకి వెళ్ళారు. అందరూ కింద ఊరిని ఫోటోలు తీస్తున్నారు.

“నువ్వు అటు చూడకు. ఇదుగో, మేకల్ని చూడు!” అంది బోదిల్ అతని భుజాలు తిప్పేస్తూ.

ఒక మేక అర్విద్ చేతిలోని ఊరి మ్యాపు లాక్కుని నమలడం మొదలుపెట్టింది.

“తిననీలే, మనకెందుకది!” అని పకపకా నవ్వాడు. అతను అలా నవ్వి ఎన్నాళ్ళయిందో! బోదిల్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాలుగు కావస్తోంది. రేవు పక్క స్టాపులో కొండవాలు వీధులకి వెళ్ళే బస్సు వచ్చి ఆగింది. అర్విద్ సంచీ సర్దుకుని మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. బోదిల్‌కి చెయ్యి పట్టుకుని ఆపాలనిపించింది. అయినా మాటంటే మాటే. అతని వానకోటు కాలరు సర్ది పక్కకి జరిగింది.

డ్రైవరు హారన్ కొట్టాడు. అర్విద్ కాలు వెనక్కి తీసుకున్నాడు.

“ఆ అస్తమించని సూర్యుడు... అక్కడ కూడా మేకలుంటాయంటావా?”

“మేకలేం ఖర్మ! రెయిన్‌డీర్‌లు ఉంటాయి, పద!”

ఇద్దరూ చేతులు పట్టుకుని, చిన్నపిల్లల్లా వానలో పరిగెత్తి ఓడెక్కారు.

ఓడ రేవు వదిలి వంద గజాలు వెళ్ళాక, అర్విద్ కమ్మీల మీదికి వంగి, కొండవాలున ఉన్న ఎర్ర ఇంటి వైపు వేలు చూపిస్తూ గావుకేక పెట్టాడు: “బోదిల్! మన వంటింటి కిటికీ తెరిచే వచ్చేశావు కదే!”