వంకర అంచు

"గట్టిగ పట్టు, గాలికి పోతది," అంది సుగుణ.

గోవా బీచిలో నైటీ మీద తువ్వాలు కప్పుకుని ఆ కొసన ఆమె, ఈ కొసన మగడు మద్దిలేటి, అలకు తడిసిన గద్వాల చీరను ఆరబెడుతున్నారు. ఆమె దాన్ని ఆ రోజే తొలిసారి కట్టింది. పొద్దున పాత చర్చీలన్నీ తిరిగొచ్చాక అతగాడు రెండు గ్లాసుల గోవా వైను కూడా పట్టించాడు.

"గిదేంది? కుచ్చిళ్ల కాడ మూరెడు ఎడమ అంచు వంకర పోయింది. నా చేతిల గిట్ల ఎన్నడు రాలే."

వాళ్ల మగ్గం మీద ఎడమ అంచు ఎప్పుడూ ఆమెది, కుడి అంచు అతనిది.

"అది ఒక్కన్నే నేసిన. కిందటేడు నువ్వు అలిగి కోడేరుల మీ తల్లిగారింటికి పోయినప్పుడు."

"అప్పుడు ఫోన్ల నిమ్మళంగున్న అంటివి గద."

మద్దిలేటి సముద్రం వైపు చూశాడు. "ఫోన్ల గట్లనే చెప్పిన. చీరలు కొనే సేటు మాత్రం ఈ వంకర చూసి చీర తిప్పి పంపిండు."

చీర ఆరాక సుగుణ రాళ్ల చాటుకు పోయి కట్టుకుని వచ్చింది.

"ఆ వంకర లోపలికి మడువు. జనం చూస్తరు," అన్నాడతను.

"చూడనియ్యి," అంటూ సుగుణ ఆ మూరెడునే పైకుచ్చిగా సర్దుకుంది.