పిరోష్కా డుకాట్

ఆరోన్ చేతిరుమాలు విప్పి, డుకాట్‌ను ఎతెల్కా బల్ల మీద పెట్టాడు. ఆమెది కొలోజ్‌వార్‌లో పాత నాణేల దుకాణం.

నాలుగు వందల ఏళ్ల కిందట, ట్రాన్సిల్వేనియా ఇంకా సంస్థానంగా ఉన్నప్పుడు, ఆ ఊళ్లోనే అచ్చయిన బంగారు నాణెం అది. ఆరోన్ భార్య పిరోష్కా పుట్టింటి నుంచి తెచ్చుకుంది. పోయేముందు భర్తకీ, మేనల్లుడు బోతొండ్‌కీ చెరిసగం అని రాసింది.

ఆమె బట్టలు చర్చికి ఇచ్చేశారు. కుట్టుమిషను పక్కింటావిడ తీసుకుంది. ఇంట్లో ఆమెది అంటూ మిగిలింది ఇదొక్కటే.

"అమ్మేద్దాం మావయ్యా. నా కారు ఇంజనుతో కాదు, మా ఆవిడ తోపుడుతో నడుస్తోంది," అన్నాడు పక్క కుర్చీలో కూర్చున్న బోతొండ్.

"సరే," అన్నాడు ఆరోన్.

ఎతెల్కా భూతద్దం పెట్టుకుంది. నాణెం మీది ప్రభువు బొమ్మలో గడ్డం, టోపీ మీద ఈక, అన్నీ తీరిగ్గా చూసింది.

"ఇలాంటివి నా జన్మలో మూడే చూశాను."

బోతొండ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆరోన్ కిటికీలోంచి చూస్తున్నాడు. వీధిలో ఎవరో ముసలామె పావురాలకు రొట్టె తుంచి వేస్తోంది.

ఎతెల్కా నాణేన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. అంచు దగ్గర సన్నటి చిల్లు.

"అయ్యో, మెడలో వేసుకున్నారా."

"వేసుకుంటే ఏమవుతుంది?" అన్నాడు బోతొండ్.

"మన అమ్మమ్మలకి గొలుసు మీదే ధ్యాస నాయనా. ఈ ఊళ్లో సగం డుకాట్లకి ఇదే రోగం. చిల్లు చూస్తే సేకరించేవాళ్లు ముట్టుకోరు. ఇక బంగారం తూకమే. నీ సగానికి రెండు టైర్లు వస్తాయేమో."

బోతొండ్ ముఖం చిన్నబోయింది. "చిన్నప్పుడు అత్తయ్య ఒకసారి నా చేతిలో పెట్టింది. చిల్లు ఉన్నట్టు గుర్తులేదే."

"నీకప్పుడు ఐదేళ్లు. నోట్లో పెట్టుకుంటావని వెంటనే లాగేసుకుంది," అన్నాడు ఆరోన్.

బోతొండ్ నవ్వేశాడు. కాసేపు నాణెం వైపే చూసి, రుమాల్లో చుట్టి ఆరోన్ జేబులో పెట్టాడు.

"నీ దగ్గరే ఉంచుకో మావయ్యా. రెండు టైర్ల కోసం అత్తయ్యని అమ్ముకుంటామా."

ఎతెల్కా ముగ్గురికీ కాఫీ పోసింది. ఆరోన్ కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. వయసనుకుని, ఆమె సాసరు అతని దగ్గరికి జరిపింది.

ఆదివారం సన్న బరమాతో ఆ చిల్లు వేసి, అంచులు పాతబడినట్టు కనిపించేదాకా మూడు రోజులు తోలుముక్కతో రుద్దింది ఆ చేతులే.